పీణ్యలో గడ్డకట్టిన ఉప్పు

2020 ఏప్రిల్ చివర నన్ను బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడకు ప్రత్యేక విధుల మీద వేశారు. అప్పటికి నేను ఫ్యాక్టరీల తనిఖీ శాఖలో డిప్యూటీ డైరెక్టర్‌ని. పదవీ విరమణకు ఏడాది పైచిలుకు ఉంది. ఆ వయసులో ఫీల్డ్ డ్యూటీ ఏమిటని ఇంట్లో గొణిగారు గానీ, నిజం చెప్పాలంటే ఇంట్లో కూర్చుని కాళ్లు లాగేస్తున్న నాకు ఆ ఉత్తర్వు పండగలాగే అనిపించింది.

మా ఉద్యోగం గురించి బయటివాళ్లకు తెలిసింది తక్కువ. ఫ్యాక్టరీల్లో మనుషుల చేతులు, కళ్లు, ప్రాణాలు పోకుండా చూడటం మా పని. తిరిగే చక్రాలకు కంచెలున్నాయా, ఆవిరి పాత్రలకు పరీక్షలు జరిగాయా, మంటలు లేస్తే బయటికి దారి ఉందా, ఇలాంటివన్నీ చూస్తాం. ఎక్కడైనా మనిషి ప్రాణానికి ఇప్పటికిప్పుడు ముప్పుందని తోస్తే ఆ యంత్రాన్ని అక్కడికక్కడ ఆపించే అధికారం చట్టం మాకిచ్చింది. దాన్ని నిషేధ ఉత్తర్వు అంటారు. నా సర్వీసులో అలాంటివి చాలానే రాశాను. ఓనర్ల చేత తిట్లూ అంతే ధారాళంగా తిన్నాను. ఆడమనిషి వచ్చి షెడ్డు మూయించి పోవడం మొదట్లో చాలామందికి మింగుడుపడేది కాదు.

అయితే ఒకటో రెండో యంత్రాలను ఆపించడం వేరు, లాక్‌డౌన్‌తో వాడంతా ఒక్కసారిగా ఆగిపోవడం వేరు. లేత్ మిషన్ల చప్పుడూ కటింగ్ ఆయిల్ వాసనా లేని పీణ్యను నేనెన్నడూ చూడలేదు. మూసిన షట్టర్ల మధ్య జీపులో పోతుంటే నాకు భయం కన్నా కుతూహలమే ఎక్కువ కలిగింది. ఇన్ని ఫ్యాక్టరీలు లోపల ఏ స్థితిలో ఆగిపోయి ఉంటాయి? మళ్లీ స్విచ్చి వేసినప్పుడు ఏది ఎలా ప్రవర్తిస్తుంది? మా శాఖలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. యంత్రం నడుస్తున్నప్పటి కన్నా ఆపేటప్పుడు, మళ్లీ మొదలుపెట్టేటప్పుడే ప్రమాదాలెక్కువ.

తెరవడానికి అనుమతి అడిగిన యూనిట్లను చూసి, సరే లేదా వద్దు అని చెప్పడం మా జట్టు పని. యంత్రాల సంగతి నేను చూడాలి. మాస్కులు, దూరం, చేతులు కడుక్కునే ఏర్పాటు లాంటివి ఆరోగ్య విభాగం తరఫున డాక్టర్ ఫర్హానా చూడాలి. ఆమెది కరీంనగర్. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నది, చదువంతా హైదరాబాద్‌లో, ఉద్యోగం బెంగళూరులో. మాది ఇదే ఊళ్లో, కబ్బన్‌పేటలో తరాలుగా మగ్గం నేసిన కుటుంబం. నా తెలుగు విని ఆమె, ఆమె తెలుగు విని నేను మొదటిరోజు నవ్వుకున్నాం. దూరం పాటించాలి కాబట్టి జీపులో నేను డ్రైవరు పక్కన, ఆమె వెనక సీటు చివర. కిటికీలన్నీ తెరిచి, మాస్కుల్లోంచి మాట్లాడాలంటే అరవాల్సిందే. అందుకని మేం మామూలుగా మాట్లాడుకున్నా పోట్లాడుకుంటున్నట్టే ఉండేది. కొన్నిసార్లు నిజంగానే పోట్లాడుకున్నాం.

పోట్లాటంతా లాక్‌డౌన్ మీదే. ఆమె పక్షం సూటిగా ఉండేది. జబ్బు ఒక్కసారిగా మీద పడితే మంచాలు చాలవు, ఆక్సిజన్ చాలదు. తయారు కావడానికి వ్యవధి కావాలి, అది మూస్తేనే దొరుకుతుంది. నా పక్షం అంత సూటిగా ఉండేది కాదు. మూత వల్ల జరిగే చెడు ఎవరు చూస్తున్నారన్నది నా ప్రశ్న. జీతం లేక ఊళ్లకు నడిచిపోయినవాళ్లు, డయాలిసిస్‌కు పోలేనివాళ్లు, తుప్పు పడుతున్న యంత్రాలు, ఇవన్నీ ఏ ఖాతాలో వేస్తారని అడిగేదాన్ని. జబ్బుతో పోయినవాళ్ల సంఖ్య రోజూ టీవీలో వస్తుంది, మూతతో పోయినవాళ్ల సంఖ్య ఎక్కడొస్తుందని దబాయించేదాన్ని.

ఆమె వెంటనే జవాబు చెప్పేది కాదు. ఇంకో ప్రశ్న వేసేది. "మేడం, మీరు ఒక ఫ్యాక్టరీ మూయించినప్పుడు ఓనర్‌కి ఎంత లాస్ అయితదో లెక్కేస్తరా?" అని ఒకరోజు అడిగింది. లేదన్నాను. మా చట్టంలో ఆ లెక్కకు చోటు లేదు. కళ్లెదుట ముప్పుంటే ఆపాల్సిందే. "గట్లనే మాకు కూడా," అంది. మీ ముప్పు కళ్లెదుట లేదు కదమ్మా అన్నాను. డ్రైవరు రమేశ కన్నడిగుడు, తెలుగు బాగానే అర్థమవుతుంది. మేమిద్దరం మాట్లాడుతున్నంతసేపూ అద్దంలో ఒకసారి ఆమెను, పక్కకు ఒకసారి నన్ను చూసి నవ్వేవాడు. తీర్పు చెప్పమంటే మాత్రం రోడ్డు చూసేవాడు.

మే మొదట్లో మునిరత్నం గారి హీట్ ట్రీట్‌మెంట్ యూనిట్ వంతు వచ్చింది. ఉక్కు భాగాలను బాగా వేడిచేసి, తగిన వేగంతో చల్లార్చి, గట్టిపడేలా చేయడాన్నే హీట్ ట్రీట్‌మెంట్ అంటారు. కమ్మరి కొడవలిని కాల్చి నీళ్లలో ముంచుతాడు చూడండి, అదే పని పద్ధతిగా చేయడం. ఆ యూనిట్‌లో చిన్న చిన్న పిన్నులను గట్టిపరుస్తారు. అవి వెంటిలేటర్లు తయారుచేసే ఒక కంపెనీకి పోతాయి. అందుకే ఫర్హానాకు పైనుంచి ఉదయాన్నే ఫోన్లు వచ్చాయి. ఎలాగైనా ఈరోజే తెరిపించాలని జీపెక్కుతూనే చెప్పింది. తెరవాలని డాక్టరమ్మ తొందరపడటం నాకు వింతగా ఉండి, కాస్త ఆటపట్టించాను కూడా.

మేం వెళ్లేసరికి మునిరత్నం గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. అరవై దాటిన మనిషి, మావాళ్లలాగే పాత బెంగళూరు తెలుగు. శానిటైజర్ మా చేతుల్లో తానే పోశారు. నేల మీద సున్నంతో గళ్లు గీయించారు. నలుగురు పనివాళ్లలో ఇద్దరు ఊళ్లకు పోయారట, ఒకతను గళ్లలో నిలబడి ఉన్నాడు. నాలుగోవాడు, ఆయన అక్క కొడుకు సురేశ్, ముప్పై ఏళ్ల ఆపరేటర్, లోపల పనిలో ఉన్నాడు. ఫర్హానా చూడాల్సినవన్నీ చూసి తృప్తిగా తల ఊపింది.

"అన్నీ రెడీగా ఉండాది మేడం," అన్నారు మునిరత్నం గారు. "మీరొచ్చేలోపల వేడెక్కనీ అని సురేశుడు స్విచ్చి కూడా వేసేసినాడు. మీరు ఊ అంటే సాయంత్రానికి మొదటి బ్యాచ్ దించేస్తాము."

నేను లోపలికి నడిచాను. ఆ యూనిట్‌లో వేడిచేసేది పొయ్యిలో కాదు, ఉప్పులో. ఉప్పును లోతైన ఇనుప కుండలో కరిగించి, నిప్పులా ఎర్రబడ్డ ఆ ద్రవంలో పిన్నులను ముంచుతారు. సాల్ట్ బాత్ అంటారు. కూరలో వేసే ఉప్పు కాదు, కొన్ని రకాలు విషం కూడా. మామూలు రోజుల్లో దాన్ని చల్లారనివ్వరు. ఆదివారాలు కూడా మూతపెట్టి సన్నటి వేడి మీద ఉంచుతారు. ఎందుకంటే చల్లారితే ఆ ఉప్పు కుండ నిండా ఒకే రాయిలా గడ్డకడుతుంది.

గడ్డకట్టడం వరకూ బాధ లేదు. మళ్లీ కరిగించేటప్పుడే చిక్కంతా. హీటర్లు కుండ చుట్టూ, అడుగున ఉంటాయి కాబట్టి ముందు అడుగు భాగం కరుగుతుంది. కరిగిన ఉప్పుకు చోటెక్కువ కావాలి. పైన గడ్డ బిర్రుగా పట్టుకుని ఉంటుంది. ప్రెషర్ కుక్కర్‌కి విజిల్ మూసేసి మంట పెంచినట్టన్నమాట. ఆ గడ్డ ఎప్పుడు పగులుతుందో, ఎటు చిమ్ముతుందో చెప్పలేం. చిమ్మిన ఉప్పు ఒంటి మీద పడితే మంచం ఎక్కేది కాదు, పాడె ఎక్కేదే. అందుకని చల్లార్చే ముందు, ఉప్పు ఇంకా ద్రవంగా ఉండగానే, అడుగు తాకేలా ఒక ఉక్కు కడ్డీ నిలబెడతారు. కొస వైపు సన్నబడి ఉంటుంది కాబట్టి, మళ్లీ వేడి తగలగానే వదులై పైకి వచ్చేస్తుంది. ఆ కన్నంలోంచి లోపలి ఒత్తిడి బయటికి పోతుంది.

కుండ వైపు చూశాను. తెల్లగా గడ్డకట్టిన ఉప్పు. పైకప్పు రేకు కారి, ఒక పక్క తడి మరక; కరిగే ఉప్పులో నీళ్లు చిక్కితే అవీ ఆవిరై చిమ్ముతాయి. కడ్డీ లేదు. ప్యానెల్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది, వేడి చూపే ముల్లు పైకి పాకుతోంది. సురేశ్ కుండ అంచు మీదికి వంగి, గడ్డను గడ్డపారతో కొట్టి చూస్తున్నాడు.

నేనేం అరిచానో నాకు గుర్తులేదు. కన్నడంలో అరిచానని ఫర్హానా తర్వాత చెప్పింది. సురేశ్ గడ్డపార వదిలేసి బయటికి వచ్చాడు. గళ్లలో నిలబడ్డ పనివాడు వెనకవైపు నుంచి వెళ్లి మెయిన్ స్విచ్చి ఆపాడు. అందరినీ రోడ్డు అవతలికి పంపి, అక్కడ నిలబడి అడిగాను, కడ్డీ ఎందుకు పెట్టలేదని.

మునిరత్నం గారికి నా ప్రశ్న అర్థం కాలేదు. "రాడ్డా? అది ఆయుధ పూజది కదప్పా," అన్నారు.

మెల్లగా అడిగితే సంగతి బయటపడింది. ఆ బాత్ చల్లారేది ఏడాదికి ఒక్కసారే, ఆయుధ పూజకి. ఆ రోజు యంత్రాలన్నీ కడిగి, గుమ్మడికాయ కొట్టి, హారతి ఇచ్చాక, కడ్డీకి పసుపు కుంకుమ పూసి ఇంటి పెద్ద చేతుల మీదుగా ఉప్పులో నిలబెట్టేవారు. తర్వాత కరెంటు ఆపేవారు. సెలవయ్యాక కడ్డీని తీసి, తుడిచి, మళ్లీ దేవుడి పటాల పక్కన ఆనించేవారు. వాళ్ల నాన్న హయాం నుంచీ అంతే. ఎప్పుడో ఎవరో తెలిసిన మనిషి ఈ పనిని ఎవరూ మరిచిపోకుండా పూజలో కలిపి ఉంటాడు. మరిచిపోనైతే లేదు. కానీ ఎందుకన్నది పోయి, పూజ మాత్రం మిగిలింది. మార్చిలో పోలీసులు వచ్చి మూయమన్నప్పుడు అది పండగ కాదు కాబట్టి కడ్డీ ఎవరికీ తోచలేదు. "సుమ్నే, ఊరికే కరెంటు ఆపి, బీగం వేసి పోయినాము మేడం," అన్నారు. తలుపులోంచి చూస్తే పటాల పక్కన ఆ కడ్డీ కనిపిస్తూనే ఉంది, కిందటి దసరా బంతిపూలు ఎండిపోయి దానికే వేలాడుతున్నాయి.

నాకు కోపం రాలేదు. ఇంత పకడ్బందీగా కాపాడుకున్న జాగ్రత్త, ఇంత చిన్న సందులోంచి ఎలా జారిపోయిందా అని ఆశ్చర్యం వేసింది. ఫర్హానా కూడా ఆసక్తిగానే విన్నది. వాళ్ల నాన్న బస్సు డిపోలో మెకానిక్ అట. దసరాకి బస్సుల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది ఆయనేనట.

ఇక నిర్ణయం మిగిలింది. ఉప్పు గడ్డనంతా పగలగొట్టి తీయాలి, కుండను పరీక్షించాలి, తడి లేని ఉప్పును కడ్డీ చుట్టూ కొద్దికొద్దిగా వేసి కరిగించాలి. వారానికి తక్కువ పట్టదన్నాను. మునిరత్నం గారి ముఖం వాడిపోయింది. వారమంటే ఆ కంపెనీవాళ్లు ఆగరు, ఇంకో షెడ్డుకు పోతారు, పోయిన గిరాకీ తిరిగి రాదు అన్నారు. నెలన్నరగా ఒక్క పని లేదు, ఈ పిన్నుల మీదే ఆశ పెట్టుకున్నామన్నారు. సురేశ్ మాత్రం తాను వంగి నిలబడ్డ చోటుకేసి చూస్తూ ఉన్నాడు.

ఫర్హానా నన్ను పక్కకు పిలిచింది. పక్కకంటే ఆరడుగుల దూరానికి. "మేడం, అది పక్కా పేలుతదా?" అని అడిగింది.

పక్కా అని చెప్పలేనన్నాను. ఉప్పుకూ కుండ గోడకూ మధ్య సందుంటే అందులోంచి ఒత్తిడి పోవచ్చు. పోకపోవచ్చు.

"ఎంత ఛాన్స్?"

తెలియదన్నాను. తెలుసుకోవాలంటే స్విచ్చి వేసి చూడటమొక్కటే దారి.

"అవతల మనుషులకి ఊపిరి ఆడాలె మేడం. ఆ మిషన్లు లేకపోతే పోయే ప్రాణాలు నాకు తెలుసు. మీ దగ్గర పోయేదేమో పోతదో పోదో మీకే తెల్వదు. దూరం నిలబడి, మెల్లగ వేడి చేస్తే కాదా?"

ఎంత మెల్లగా అయినా ఎవరో ఒకరు దగ్గరికి పోయి చూడక తప్పదని, ఆ పోయేది సురేశేనని చెప్పాను. చూడకుండా ఏ ఆపరేటరూ ఉండలేడు, ఇందాక ఉన్నాడా? ముప్పు ఎంతో తెలియనప్పుడు మూసి ఉంచడమే పద్ధతి అన్నాను. చాలా గట్టిగానే అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. మాస్కు వెనక నవ్విందో లేదో తెలియదు. "ఇదే మాట నేను రోజూ జీపుల చెప్తుంటే మీరు ఊరుకున్నరా?" అంది.

నిన్నటిదాకా మూతకు ఆమె వకీలు, నేను ప్రతివాది. ఇప్పుడు అవే మాటలు నా నోట్లోంచి ఆమెకు, ఆమె నోట్లోంచి నాకు వచ్చాయి. ఒక్కసారి నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది, ఎందుకంటే మునిరత్నం గారు అవతల నిలబడి మా ఇద్దరి ముఖాలూ చదవాలని చూస్తున్నారు. జీపు బానెట్ మీద కాగితం పెట్టి నిషేధ ఉత్తర్వు రాశాను. ఫర్హానా అడ్డు చెప్పలేదు. ఫోన్ తీసి, పీణ్యలోనే ఇంకో హీట్ ట్రీట్‌మెంట్ షెడ్డులో బాత్ వేడిగా ఉందేమో కనుక్కుంది. ఉంది. ఆ ఓనరు ఇల్లు షెడ్డు పైనే కాబట్టి చల్లారనివ్వలేదట. పిన్నులు అటు పోయాయి.

ఉత్తర్వు అందుకుంటూ మునిరత్నం గారు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "వైరస్సు మూసిందాన్ని తెరిపించేదానికి వచ్చినారనుకుంటిని. మీరు ఇంకొక తూరి మూసేసి పోతా ఉండారు," అన్నారు.

మామూలుగా ఉత్తర్వు ఇచ్చాక మా పని అయిపోతుంది. సరిచేశామని ఓనరు కబురు చేసినప్పుడే మళ్లీ వెళ్తాం. ఈసారి నేను గడ్డ పగలగొట్టే రోజున వెళ్లాను. ఆ తడి మరక, ఆ గడ్డ లోపల ఏముందో నా కళ్లతో చూడాలనిపించింది. సురేశ్, ఇంకో పనివాడు చేతులకు గ్లౌజులు, ముఖాలకు అడ్డాలు పెట్టుకుని ఉలులతో ముక్కలు చేస్తుంటే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. స్విచ్చి వేసి ఉన్న కాసేపటికే అడుగున కొంత కరిగి మళ్లీ గడ్డకట్టిన ఆనవాలు కనిపించింది. ఒక వైపు గోడ వెంబడి సన్నటి సందు కూడా ఉంది. ఒత్తిడి ఆ సందులోంచి పోయేదో, లేక కరిగిన ఉప్పు ఆ సందునే మూసేసి పైకి తన్నేదో, ఆ ముక్కలను ఎంత తిప్పి చూసినా తేలలేదు. రెండూ సాధ్యమే. ఆ సాయంత్రం ఫర్హానాకు ఫోన్ చేసి అలాగే చెప్పాను.

"ఆపింది కనపడదు మేడం," అంది. "అందుకే మాతోని అందరు కొట్లాడ్తరు. మేం ఆపినమో, అసలు వచ్చేదే కాదో, ఎట్ల చూపిస్తం?"

ఆమె మాట నెగ్గిందనుకోకండి. మేమిద్దరం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం, ఇప్పుడు ఫోన్లో. ఆ మొదటి నెలల మూత అవసరమేనని నేను ఒప్పుకున్నాను. పిల్లల బడులు అన్నాళ్లు మూసి ఉంచకుండా ఉండాల్సిందని ఆమె ఒప్పుకుంది. మిగతా అంతా తేలకుండా ఉంది. మునిరత్నం గారి బాత్ మే మధ్యలో మళ్లీ కరిగింది, పిన్నుల గిరాకీ మాత్రం ఆయన భయపడినట్టే తిరిగి రాలేదు. ఒక పనివాణ్ణి మానిపించారు. బైకు భాగాల పని పట్టుకుని నిలదొక్కుకోవడానికి చాలాకాలం పట్టింది.

పదవీ విరమణ అయ్యాక ఒకసారి మల్లేశ్వరంలో కాఫీ తాగుతుంటే ఆయనే పలకరించారు. క్షేమసమాచారాలయ్యాక, ఏళ్లుగా దాచుకున్నట్టు అడిగారు. "మేడం, కోపం చేసుకోవద్దండి. ఆ పొద్దు నిజంగా పేలుండునా?"

తెలియదండీ అన్నాను. ఆయన తలాడించి, నా కాఫీకి కూడా ఆయనే డబ్బులిచ్చారు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. మూయమని రాసేవాళ్లకు తాము తప్పించిన కీడు ఎన్నటికీ కనపడదు. తాము చేసిన కీడు మాత్రం పేరూ ఊరూ చెప్పుకుని ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. మూత మంచిదా చెడ్డదా అని మేం జీపులో అన్ని రోజులు అరుచుకున్నాం గానీ, ఎలా మూయాలి, ఎలా తెరవాలి అని ఒక్కరోజూ అడగలేదు. మార్చిలో ఆ షెడ్డుకు వెళ్లి మూయమన్నవాళ్లకు ఒక్కపూట ఆగి, ఏ యంత్రాన్ని ఎలా ఆపాలో మా శాఖను అడిగి, పద్ధతిగా చల్లార్చుకునే వ్యవధి ఇవ్వాలని తోచి ఉంటే, నా ఉత్తర్వుతో పనే ఉండేది కాదు. ఆ తర్వాత సర్వీసులో మిగిలిన నెలల్లో నేను రాసిన ప్రతి నిషేధ ఉత్తర్వులోనూ, ఆపే పద్ధతీ తిరిగి మొదలుపెట్టే పద్ధతీ రాశాను, తెరిచే రోజు నేనే వెళ్లాను.

సురేశ్ ఇప్పటికీ అదే కుండ దగ్గర పనిచేస్తున్నాడు. అది నేను రాసిన ఆ కాగితం వల్లనా, అది లేకపోయినా అలాగే ఉండేవాడా అన్నది నాకు తెలియదు, అతనికీ తెలియదు.